చెల్లెలి అంకె

పెన్సిల్వేనియా
ఫిబ్రవరి, మూడో వారం

ప్రియమైన చెల్లీ సలోమా,

ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాలు తప్ప. మంచు ఇంకా కరగలేదు గానీ మధ్యాహ్నాలు కాస్త ఎండ కాస్తోంది. మా ఆయన ఎనోస్ మేపుల్ చెట్లకు గొట్టాలు దిగ్గొట్టి బకెట్లు తగిలించాడు. వచ్చే వారం ఆ తీపి రసాన్ని పాకంగా కాచడం మొదలుపెడతారు. ఆ వాసన పీల్చినా నా షుగరు పెరుగుతుందని ఈయన వేళాకోళం. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా ఈ మనిషికి నవ్వు తెప్పించే మాట ఒక్కటీ రాలేదు.

గుర్రబ్బండిలో అంత దూరం కుదరదని నిన్న అద్దె వ్యానులో క్లినిక్కి వెళ్లొచ్చాను. నాతోపాటు మన చుట్టాల్లో వెర్నా కూడా వచ్చింది. షుగరంటే అమ్మకు కాలు పోయిన జబ్బే కాబట్టి మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా మూడు నెలలకోసారి చేసే ఆ షుగరు పరీక్ష ఉంది చూడు, ఏ1సి అంటారు, అది నాకు ఇన్నాళ్లూ సరిగ్గా అర్థం కాలేదు. పరీక్షకు ముందు వారమంతా నోరు కట్టేసుకున్నాను. తీపి పైలు ముట్టలేదు, నూడుల్స్ ముట్టలేదు, చర్చి భోజనంలో ఊరగాయ దోసకాయలు నంజుకుని లేచాను. డాక్టరమ్మ కెర్ గారు నా పరీక్ష కాగితం చూసి, "మలిండా గారూ, ఎనిమిది పాయింటు నాలుగు" అంది. "వారం రోజులుగా ఎండు రొట్టెలే తింటున్నానమ్మా" అన్నాను. "ఇది వారం సంగతి చెప్పదండీ, మూడు నెలల సంగతి చెబుతుంది. క్రిస్మస్ పైలు కూడా ఇందులో ఉన్నాయి" అంది. తలెత్తుకోలేకపోయాను.

మోకాలికి ఆపరేషన్ చేయాలంటే ఆ అంకె ఏడున్నర లోపు ఉండాలట. లేకపోతే గాయం మానదని ఎముకల డాక్టరు కత్తే పట్టడట. ఆదివారం ప్రార్థనకు అందరూ మోకాళ్ల మీద కూర్చుంటే నేనొక్కదాన్నే బెంచీ మీద మిగులుతున్నాను. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన బయటిదానిలా ఉంటుంది నాకు.

అసలు విషయం ఇది కాదు. తిరుగు దారిలో వెర్నా, "సలోమాకి అయిదు పాయింటు నాలుగంట. నీకు తెలీదా? సొంత అక్కవి, నీకే చెప్పలేదా?" అంది. వ్యానులో ఉన్నవాళ్లంతా అబ్బో అన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే పళ్లు నొప్పెట్టాయి.

నీకు జుట్టు నెరవలేదు. నీ కోడళ్లు నీ మాట వింటారు. ఒహాయోలో మీ నేల నల్లగా ఉంటుంది, మాది అంతా రాళ్లు. ఇవన్నీ ఓర్చుకున్నాను. చివరికి నీ రక్తం కూడా నాకన్నా మంచిదేనా? నాకు కుళ్లుగా ఉంది సలోమా. దేవుడు చూస్తున్నాడని తెలిసే రాస్తున్నాను. నువ్వేం తింటున్నావో, ఏం తాగుతున్నావో దాచకుండా రాయి.

నీ అక్క,
మలిండా


ఒహాయో
మార్చి

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందింది. మా ఆయన రూబెన్‌కి చదివి వినిపించాను. "మీ అక్క కుళ్లుకుంటోందని తనే రాసిందా? ఈ కాగితం దాచిపెట్టు, పిల్లలకు చూపిద్దాం" అని ఒకటే నవ్వు. కోపం తెచ్చుకోకు. వెర్నా ఊరంతా చాటుతుందనుకోలేదు. ఎవరో అడిగితే నోరు జారాను, అంతే.

నిజం చెప్పాలంటే నేను ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. పొద్దున్నే పెరట్లో కలుపులా మొలిచే డాండిలియన్ వేరు ఎండబెట్టి కాచిన కషాయం, అందులో ఒక చెంచా ఆపిల్ వెనిగర్. అంతే. ఇప్పుడు ఇక్కడి ఆడవాళ్లు బొంతలు కుట్టే రోజున దారం తేవడం మరిచిపోతారు గానీ, నా కషాయానికి ఖాళీ సీసా తేవడం మరిచిపోవడం లేదు. పోయిన వారం బిషప్ గారి భార్య కూడా వచ్చింది. "సలోమా, నీ చేతి చలవ" అంది. నాకు సిగ్గేసింది. కొంచెం సంతోషం కూడా వేసిందనుకో.

పైలు మానలేదు. మానాల్సిన అవసరం రాలేదు. డాక్టరు నా అంకె చూసి మాత్రలు సగానికి తగ్గించాడు. వేలు గుచ్చి చూసుకునే ఆ చిన్న యంత్రం కూడా ఈమధ్యే పొరుగింటి ఆర్డిత్‌కి ఇచ్చేశాను. అక్కర్లేని వస్తువు ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు చెప్పు.

మిగతా సంగతులు మామూలే. చలికాలంలో పిత్తాశయంలో రాళ్లని ఒకరోజు ఆసుపత్రిలో ఉంచారు. వయసు వస్తే అందరికీ ఉండేవే అన్నారు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చకపోతే సాయంత్రం పాలు పితకలేకపోతున్నాను. "రాణీగారు లేచారా?" అంటాడు రూబెన్. అననీ.

మే నెలలో మా బొంతల వేలానికి రా అక్కా. నీ చేత్తో నాలుగు కుట్లు పడితే ఆ బొంత విలువే వేరు. కషాయం ఎలా కాచాలో వెనక పేజీలో రాశాను. నువ్వూ తాగు. నీ అంకె కూడా దిగుతుంది.

ప్రేమతో, నీ చెల్లెలు,
సలోమా


పెన్సిల్వేనియా
జూన్

ప్రియమైన సలోమా,

మీ ఇంటినుంచి వచ్చిన దగ్గర్నుంచీ రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నీ కషాయం మార్చి నుంచి తాగాను. మట్టి నాకినట్టుంది. అయినా ముక్కు మూసుకుని తాగాను. నువ్వు మాత్రలు తగ్గించావు కదా అని నేను కూడా ఎవరికీ చెప్పకుండా సగం మింగి సగం దాచుకున్నాను. మొన్న పరీక్ష చేస్తే ఎనిమిది పాయింటు ఆరు. డాక్టరమ్మ నన్ను చిన్నపిల్లను కసిరినట్టు కసిరింది. మోకాలి ఆపరేషన్ మాట మళ్లీ శీతాకాలం దాకా ఎత్తొద్దంది. ఆదివారం మళ్లీ బెంచీ మీదే కూర్చున్నాను.

ఇప్పుడు నా మాట విను. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీ కంచం మీదనుంచి నేను కళ్లు తిప్పలేదు. నువ్వు భోజనానికి ఒక ముక్క, వంటింట్లో నిలబడి ఇంకో ముక్క బెల్లపాకం పై తిన్నావు. నేను చూడలేదనుకున్నావు. కాఫీలో రెండు చెంచాల పంచదార వేసుకున్నావు. అంతమంది ఆడవాళ్లు నీ చుట్టూ చేరి "అయిదు పాయింటు నాలుగు" అని నీ పేరుతో కలిపి పలుకుతుంటే, నువ్వు తల వంచుకుని కుట్టుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నావు. గుండీ పెట్టుకుంటే డాబు అని మన చర్చి చెబితే గుడ్డల్ని గుండుసూదులతో బిగించుకునే వాళ్లం మనం. నువ్వు మాత్రం ఒక అంకెను రొమ్ముకు తగిలించుకుని తిరుగుతున్నావు.

అడిగేస్తున్నాను. ఆ అంకె నిజమేనా? లేక ఎవరో తప్పు విన్నదాన్ని నువ్వు సరిదిద్దకుండా వదిలేశావా? అంత తీపి తినే మనిషికి అయిదు పాయింటు నాలుగు రావడం నేను నమ్మను. ఎనోస్, "నీ చెల్లెలి రక్తం సంగతి నీకెందుకే, నీ రక్తం చూసుకో" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకో మాట. నీ ఉత్తరాల్లో అక్షరాలు ఈమధ్య గుమ్మడికాయలంత అవుతున్నాయి. పేజీకి పది వరసలు కూడా పట్టడం లేదు. కాగితం కూడా మీ ఊళ్లో చెట్లకు కాస్తుంది కాబోలు.

నీ అక్క,
మలిండా


ఒహాయో
జూన్ ఆఖరు

మలిండా అక్కకు,

అంకె నిజం. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే వచ్చింది. రూబెన్ పక్కనే ఉన్నాడు. అబద్ధాలాడే అలవాటు మన అమ్మ మనిద్దరికీ నేర్పలేదు.

నా కంచంలో ముక్కలు లెక్కపెట్టడానికే అంతదూరం వచ్చావని తెలిస్తే, నీ చేతికి సూది కాకుండా పలక ఇచ్చేదాన్ని.

చిన్నప్పటినుంచీ అమ్మ నోట ఒకటే మాట. "మలిండా కుట్టు చూసి నేర్చుకో. మలిండా రొట్టె చూడు ఎలా పొంగిందో." నేను ఏనాడూ నీకు ఇలాంటి ఉత్తరం రాయలేదు. ఇకమీదట క్షేమమైతే రాయి. లేకపోతే రాయకు.

సలోమా


పెన్సిల్వేనియా
ఆగస్టు

ప్రియమైన చెల్లీ,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. మన ఇళ్లలో ఫోన్లు ఉండవు కాబట్టి మీ ఊరి దారిపక్క ఫోను గదికి రెండుసార్లు ఫోను చేసి, మాటలు దాచే ఆ యంత్రంలో కబురు వదిలాను. నువ్వు తిరిగి చేయలేదు. ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

నిన్న నా పరీక్ష. మాత్రలు సరిగ్గా మింగుతున్నాను, ఏడు పాయింటు తొమ్మిదికి దిగింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ మెప్పు ఒంటికి పట్టలేదు. నోరు ఊరుకోక, "నేనింత కడుపు మాడ్చుకుంటే ఏడు పాయింటు తొమ్మిది. మా చెల్లెలు పూటకో పై తిని అయిదు పాయింటు నాలుగు తెచ్చుకుంటుంది. ఇదెక్కడి న్యాయమమ్మా?" అన్నాను. నేననుకున్నది ఆమె నవ్వుతుందని. నవ్వలేదు. కలం కింద పెట్టింది.

"మీ చెల్లెలికి నీరసంగా ఉంటుందా?"

"మధ్యాహ్నం పడుకుంటుంది. సుఖం ఎక్కువై."

"మనిషి పాలిపోయి ఉంటుందా? కళ్లు పచ్చగా?"

మేలో వేలం రోజున నువ్వు ఎండలో నాకేసి తిరిగినప్పుడు కళ్లలో తెలుపు వెన్న రంగులో ఉంది. మీ ఆవుల వెన్న తిని కళ్లు కూడా మెరుస్తున్నాయని అప్పుడు ఏడ్చుకున్నాను. అదే చెప్పాను. పిత్తాశయంలో రాళ్ల సంగతీ చెప్పాను. ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

ఆమె ఏవో గుండ్రాలు గీసి చెప్పింది. నాకు అర్థమైనట్టు చెబుతాను విను. మన రక్తంలో ఎర్ర కణాలు మూడు నాలుగు నెలలు బతుకుతాయట. బతికినన్నాళ్లూ రక్తంలోని షుగరు వాటికి అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటిందో కొలిచేదే ఈ పరీక్ష. మూడు నెలలు మార్చకుండా కట్టుకున్న ఆప్రాన్ చూసి వంటిల్లు ఎంత గలీజుగా ఉందో చెప్పినట్టన్నమాట. కొందరికి ఆ కణాలు నెల తిరక్కుండానే చితికిపోతాయట. ఒంట్లో ఎప్పుడూ కొత్త కణాలే ఉంటాయి. అంటే రోజూ ఆప్రాన్ మార్చుకునే ఇల్లాలిలాంటివాళ్లు. ఆప్రాన్ తెల్లగానే ఉంటుంది సలోమా. వంటిల్లు ఎలా ఉందో దాన్ని చూసి చెప్పలేం. షుగరు ఎంత ఉన్నా అంకె మాత్రం తక్కువే చూపిస్తుంది.

ఆ చితికిన కణాల వల్లే కళ్లు పచ్చబడతాయట. పిత్తాశయంలో రాళ్లు కూడా వాటివల్లే రావచ్చట. మనం పుట్టిన ఈ లోయలో కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు తరతరాలుగా ఉందని, ఒక్కొక్కరికి పెద్దయ్యేదాకా బయటపడదని చెప్పింది. "చూడకుండా నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ అంకెను నమ్మి మాత్రలు తగ్గించుకుని కూర్చుంటే కళ్లు పోతాయి, మూత్రపిండాలు పోతాయి. ముందు వేలు గుచ్చి చూసుకోమనండి" అంది.

ఆర్డిత్ ఇంటికి వెళ్లి ఆ యంత్రం అడుగు. ఒక్క చుక్క చాలు. ఈ రోజే వెళ్లు.

నీ అక్క,
మలిండా


ఒహాయో
ఆగస్టు ఆఖరు

మలిండా అక్కకు,

నీ ఉత్తరం చదవలేదు. కోడలు చదివి వినిపించింది, నా కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. పిల్ల చదువుతూ చదువుతూ మధ్యలో సిగ్గుపడింది, నీ తరఫున.

మొదట నా అంకె ఎలా వచ్చిందని అడిగావు. తర్వాత అబద్ధమన్నావు. అది నిజమని తేలాక, నిజమైనా అబద్ధమే అంటున్నావు. ఊళ్లో నలుగురు నా దగ్గరికి వచ్చి మంచిచెడ్డలు అడగడం నువ్వు చూడలేకపోయావు. అంతేగా? నా చేతికి వచ్చిన ఒక్క మంచి అంకెను కూడా జబ్బు చేసి పెట్టావు. కుళ్లు మనిషికి ఇన్ని తెలివితేటలు ఇస్తుందని నాకు తెలియదు.

నేను బాగున్నాను. నాకు ఏ చుక్కా అక్కర్లేదు.

సలోమా


పెన్సిల్వేనియా
సెప్టెంబరు మొదలు

ప్రియమైన నా చెల్లీ,

నువ్వన్నది నిజం. నేను కుళ్లుకున్నాను. ఇప్పుడూ కుళ్లుకుంటూనే ఉన్నాను. నీ అంకె అబద్ధమని డాక్టరమ్మ అన్నప్పుడు ముందుగా నాకు కలిగింది భయం కాదు, సంతోషం. ఆ సంతోషం ఉన్నది గదిలోంచి బయటికి వచ్చేంతసేపే. వ్యాను ఎక్కాక భయం పట్టుకుంది, ఇంకా వదల్లేదు. ఇది రాసి పంపుతున్నానంటే నా పరువు ఏమీ మిగల్లేదని నీకు తెలియాలి.

నేను కుళ్లుబోతుదాన్ని కాబట్టే నా మాట నమ్మనంటున్నావు. అందుకే నమ్మమంటున్నాను. నిన్ను ప్రేమించేవాళ్లు నీ ఇంట్లో చాలామంది ఉన్నారు. వాళ్లు నీ మొహం చూసి నవ్వుతారు, భోజనం పెట్టమంటారు, వెళ్లిపోతారు. నేను మాత్రం వారం రోజులు నీ తప్పు పట్టుకుందామని నిన్నే చూశాను. రూబెన్ కూడా నిన్ను అంతగా చూసి ఉండడు. ఏం చూశానో వినిపిస్తాను.

నువ్వు సూదిలోకి దారం ఎక్కించలేదు. ప్రతిసారీ కోడలికి ఇచ్చి, తను ఎక్కించాక తీసుకున్నావు. పెద్దరికం చూపిస్తున్నావనుకున్నాను. కాఫీ పోస్తే కప్పు నిండినా ఆగలేదు, సాసరులోకి పొర్లింది. దానధర్మం ఎక్కువైందని వెటకారమాడాను. పాలకొట్టం మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగి, ఆవులతో మాట్లాడుతున్నట్టు నటించావు. మంచినీళ్ల జగ్గు నీ పక్కనుంచి కదల్లేదు, నీ గౌను నడుం దగ్గర రెండు మడతలు కొత్తగా బిగించి ఉంది. ఈ వయసులో సన్నబడ్డావని దానికీ కుళ్లుకున్నాను. నీ అక్షరాలు పెద్దవయ్యాయని ఎద్దేవా చేశాను. నీకు కనిపించడం లేదు సలోమా. కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోవడం కాదు.

ఇంకొకటి, నాకు అయిదేళ్లప్పటిది. నువ్వు పుట్టినప్పుడు గుమ్మడిపువ్వులా పచ్చగా ఉన్నావు. అమ్మ నిన్ను దక్షిణం కిటికీలో ఎండకు పడుకోబెట్టి, పనంతా మానేసి నీ పక్కనే కూర్చునేది. వారాల తరబడి. నేను చలిలో కోళ్లకు గింజలు వేసి వచ్చి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నీ మీద నా కుళ్లు అక్కడ మొదలైంది. నిన్న మళ్లీ క్లినిక్కి వెళ్లి ఆ సంగతి చెబితే డాక్టరమ్మ వెంటనే రాసుకుంది. నీ ఒంట్లో ఆ జబ్బు పుట్టుకతోనే ఉందేమో అంది. నేను ఇన్నేళ్లూ కుళ్లుకున్నది నీ జబ్బును చూసి.

నాది తప్పని తేలితే వచ్చే బొంతల రోజుకు మీ ఊరు వస్తాను. ఆ ఆడవాళ్లందరి ముందూ నిలబడి, నా నోటితోనే చెబుతాను ఇది కుళ్లని. కూర్చోమన్నా కూర్చోను. రూబెన్‌ను పిలిచి ఈ ఉత్తరం చదివించుకో. కోడలి చేత వద్దు, ఆ పిల్ల నీకు భయపడి సగం మింగేస్తుంది. రూబెన్, వింటున్నావా? వెళ్లి ఆ యంత్రం తీసుకురా.

నీ అక్క,
మలిండా


ఒహాయో
నవంబరు

ప్రియమైన అక్కా,

ఈ అక్షరాలు ఇంకా పెద్దగా ఉంటాయి, ఏమీ అనకు. రెండు రోజులు పట్టింది రాయడానికి.

రూబెన్ నీ ఉత్తరం చదువుతూ తన పేరు వచ్చేసరికి ఆగిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టోపీ కూడా పెట్టుకోకుండా ఆర్డిత్ ఇంటికి వెళ్లాడు. తిరిగి వచ్చి, "వేలు ఇలా తే" అన్నాడు. మూడువందల పన్నెండు. "ఇంకో వేలు" అన్నాడు. అది ఇంకా ఎక్కువ వచ్చింది. నా కాఫీ కప్పు తీసుకెళ్లి బయట పారబోసి వచ్చాడు.

తర్వాతదంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. నా ఎర్ర కణాలు తొందరగా చితికిపోతున్నాయట. పుట్టుకతో వచ్చినదేనట. రెండు మూడు వారాల షుగరు చెప్పే ఇంకో పరీక్ష ఉందట, అది కణాల మీద కాకుండా రక్తంలోని మరోదాని మీద చూస్తారు. అందులో నా షుగరు నీకన్నా చాలా ఎక్కువ. ఇప్పుడు ఇన్సులిన్ వేసుకుంటున్నాను. కంటి వెనక రక్తనాళాలు చిట్లాయన్నారు. ఎడమ కన్ను కాపాడారు. కుడి కన్నుతో చూస్తే ఎవరి మొహమైనా మధ్యలో చెరిపేసినట్టుంటుంది. అది ఇక అంతేనట. ఇంకో చలికాలం ఆగి ఉంటే రెండూ పోయేవని కళ్ల డాక్టరు చెప్పాడు. సీసాలు తెచ్చిన వాళ్లందరి ఇళ్లకూ కోడల్ని పంపి, కషాయం మానమని, మాత్రలు మానొద్దని చెప్పించాను. బిషప్ గారింటికి నేనే వెళ్లాను.

అక్కా, నీకు తెలియనిది ఒకటి ఉంది. రూబెన్‌కి నిన్ననే చెప్పాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చిన వారంలోనే నేను క్లినిక్కి వెళ్లాను. అక్కడి నర్సు నా యంత్రంలో అంకెలు చూసి, "ఇవేంటమ్మా, రెండువందల యాభై, రెండువందల ఎనభై ఉన్నాయి? ఏ1సి ఏమో అయిదు పాయింటు నాలుగు. ఈ రెండింటికీ పొత్తు కుదరట్లేదు. ఇంకో పరీక్ష చేద్దాం, ఉండండి" అంది. నేను ఉండలేదు. బయట వ్యాను ఆగి ఉందని, తర్వాత వస్తానని చెప్పి వచ్చేశాను. ఇంటికి రాగానే ఆ యంత్రం ఆర్డిత్‌కి ఇచ్చేశాను. అక్కర్లేక ఇచ్చానని నీకు రాశాను. అది నా అంకెను కాదంటోందని ఇచ్చాను.

ఎందుకని అడుగుతావు. అప్పటికి నా గౌను జేబులో నీ ఉత్తరం ఉంది. నాకు కుళ్లుగా ఉంది సలోమా అని నీ చేత్తో రాసిన ఉత్తరం. నీ రొట్టె, నీ కుట్టు, నీ పాట, అన్నిట్లోనూ నీ వెనకే నడిచినదాన్ని. నువ్వు నన్ను చూసి కుళ్లుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. కోళ్లు, కిటికీ సంగతి నాకు తెలియదు కదా. ఆ ఉత్తరం రోజూ తీసి చదువుకున్నాను, అక్షరాలు అలుక్కుపోయి కనిపించకుండా పోయేవరకూ. ఇంకో పరీక్ష చేస్తే నీ కుళ్లు నాకు లేకుండా పోతుందని భయమేసింది. నా కన్ను పోయింది ఆ అంకె వల్ల కాదక్కా. ఆ అంకె తప్పని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు నన్ను చూసి ఏడవాలని దాచుకున్నాను. ఆగస్టులో నీమీద అంత కోపం వచ్చింది కూడా, నువ్వు రాసింది నాకు ముందే తెలుసు కాబట్టి.

నిన్న నీ కార్డు వచ్చింది. ఏడు పాయింటు రెండట. ఎముకల డాక్టరు ఒప్పుకున్నాడట. రూబెన్ చదివి "మీ అక్క గెలిచిందే" అన్నాడు. నేను లేచి పొయ్యిలో కట్టెలు అవసరం లేకపోయినా ఎగదోశాను. నాకు ఇక ఏ1సి పనికిరాదట. ఎప్పటికీ వేళ్లు గుచ్చుకుంటూ ఉండాల్సిందే. నీకు వచ్చిన అంకె నిజమైనది. నీది నువ్వు కష్టపడి తెచ్చుకున్నావు. నాకు చాలా కుళ్లుగా ఉంది. నువ్వు రాసినట్టే రాస్తున్నాను, ఒక్క మాట తగ్గించకుండా.

ఆపరేషన్ ఏ రోజో రాయి. వ్యాను మాట్లాడుకుని వస్తాను, నువ్వు లేచేదాకా ఉంటాను. వంట నేనే చేస్తాను, పాలు నేనే పితుకుతాను, ఎనోస్ వేళాకోళాలకు నేనే నవ్వుతాను. నువ్వు మళ్లీ మోకాళ్ల మీద కూర్చునే ఆదివారం నీ పక్క బెంచీ దగ్గర నేనుంటాను. మంచి కన్ను నీ వైపు ఉండేలా ఎడమ పక్క నీకు వదిలి కూర్చుంటాను.

నీ చెల్లెలు,
సలోమా